లెక్క రాకనా? లెక్క చదవడం రాకనా?

పీటీఎం రోజున మ్యాథ్స్ టేబుల్ దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది. "మా వాడికి ఇరవై దాకా ఎక్కాలు వచ్చు మేడమ్. కూడికలు, భాగహారాలు ఇస్తే టకటకా చేసేస్తాడు. స్టేట్‌మెంట్ ప్రాబ్లమ్స్ దగ్గరే మార్కులు పోతున్నాయి. ఇంకాస్త ప్రాక్టీస్ ఇప్పించండి." ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది కోరేది ఇదే. వాళ్లు గమనించింది అక్షరాలా నిజం. కోరుతున్న మందు మాత్రం ఆ జబ్బుకు పనిచేయదని నా అభిప్రాయం.

భాగహారం తప్పు పోని పిల్లవాడు స్టేట్‌మెంట్ ప్రాబ్లమ్‌లో తప్పుతున్నాడంటే, అతను తడబడుతున్నది లెక్క చేసే చోట కాదు. ఆ నాలుగు వాక్యాలు చదివి, ఏం జరిగింది, ఏం అడుగుతున్నారు అని తెలుసుకునే చోట. అక్కడ సాయం చేయకుండా ఇంకో యాభై లెక్కలు ఇస్తే, అదే తప్పును ఇంకో యాభైసార్లు చేస్తాడు. అందుకే మిడిల్ స్కూల్ మ్యాథ్స్ క్లాసులో చదవడం, మాట్లాడడం, రాయడం కూడా నేర్పాలి. వాటికి పీరియడ్‌లో టైమ్ ఇవ్వాలి. ఆ టైమ్ వృథా అవుతోందని తల్లిదండ్రులు అనుకోకూడదు. ఈ నెల నేను చెప్పదలచుకున్నది ఇంతే. దానికి కారణాలు కింద రాస్తున్నాను.

తప్పు ఎక్కడ మొదలవుతోంది?

"మా పాపకు ఇంగ్లిషు చదవడం బాగానే వచ్చు కదా" అని మీరు అడగవచ్చు. గడగడా పైకి చదవడం వేరు, లెక్కను చదవడం వేరు. కథ చదివేటప్పుడు ఒక మాట తెలియకపోయినా కథ అర్థమవుతుంది. లెక్కలో ఒక చిన్న మాట దాటేస్తే జవాబే మారిపోతుంది.

ఆస్ట్రేలియాలో ఆన్ న్యూమన్ అనే విద్యావేత్త 1977లో ఈ విషయం మీదే పనిచేశారు. ఒక స్టేట్‌మెంట్ ప్రాబ్లమ్‌కు సరైన జవాబు రావాలంటే పిల్లలు ఐదు మెట్లు ఎక్కాలని ఆమె చెప్పారు. మొదటిది, లెక్కను చదవడం. రెండోది, చదివింది అర్థం చేసుకోవడం. మూడోది, ఆ మాటలను కూడికగానో గుణకారంగానో సమీకరణంగానో మార్చడం. నాలుగోది, లెక్క చేయడం. ఐదోది, వచ్చిన అంకెను అడిగిన ప్రశ్నకు జవాబుగా రాయడం. ఆరో తరగతి పిల్లల తప్పులను ఈ మెట్ల ప్రకారం విడదీసి చూస్తే, దాదాపు సగం తప్పులు మొదటి మూడు మెట్ల మీదే జరిగినట్టు తేలింది. అంటే లెక్క చేయడం మొదలుపెట్టకముందే జవాబు తప్పిపోయింది.

మన ఇళ్లలో, ట్యూషన్లలో, చాలా స్కూళ్లలో కూడా శ్రమంతా నాలుగో మెట్టు మీదే పెడుతున్నాం. ఎక్కాలు, అబాకస్, స్పీడ్ మ్యాథ్స్ అన్నీ ఆ మెట్టు కోసమే. అవి వద్దని నేను అనను. కింది మూడు మెట్లు పగిలి ఉంటే నాలుగో మెట్టుకు ఎంత పాలిష్ పెట్టినా పిల్లలు పైకి రాలేరు.

అంకెలు దొరికితే చాలనుకునే అలవాటు

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. మీ అబ్బాయికో అమ్మాయికో ఈ లెక్క ఇవ్వండి: "మైపాడు దగ్గర ఒక బోటులో 6 మంది జాలర్లు, 40 పెట్టెల చేపలు ఉన్నాయి. బోటు ఓనరు వయసెంత?" మీవాళ్లు నవ్వి, "ఇందులో వయసు చెప్పలేదుగా" అంటే సంతోషించండి. 46 అని జవాబు వస్తే కోప్పడకండి. వాళ్లు ఒంటరివాళ్లు కారు.

ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో 1979–80లో పరిశోధకులు ప్రైమరీ పిల్లలకు ఇలాంటి లెక్కే ఇచ్చారు: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక జవాబు రాశారు. ఆ పిల్లలకు తెలివి లేక కాదు. లెక్కల పుస్తకంలో ఉన్న ప్రతి ప్రశ్నకూ జవాబు ఉంటుందని, కనిపించిన అంకెలన్నీ వాడాలని వాళ్లకు అలవాటైపోయింది. ఆ అలవాటు నేర్పింది పెద్దవాళ్లమే.

మరో ఉదాహరణ అమెరికాది. 1983లో జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. ఒక ఆర్మీ బస్సులో 36 మంది సైనికులు పడతారు, 1,128 మందిని తీసుకెళ్లాలంటే ఎన్ని బస్సులు కావాలి? దాదాపు 70 శాతం మంది భాగహారం సరిగ్గానే చేశారు. అందులో చాలామంది జవాబు మాత్రం "31, శేషం 12" అని రాశారు. శేషం 12 అనే బస్సు ఎక్కడుంటుంది? 32 అని సరిగ్గా రాసినవాళ్లు నాలుగో వంతు కూడా లేరు. మిగతావాళ్లు భాగహారంలో గెలిచి ప్రశ్నలో ఓడిపోయారు.

ఈ అలవాటును ఇంకా గట్టిపరిచేది "కీవర్డ్" చిట్కా. టోటల్ అని ఉంటే కూడు, లెఫ్ట్ అని ఉంటే తీసెయ్, మోర్ అని ఉంటే కూడు. మూడో తరగతిలో ఈ చిట్కాతో మార్కులు వస్తాయి. ఆరో తరగతికి వచ్చేసరికి అదే ఉచ్చు అవుతుంది. "రవి దగ్గర సీత కంటే 5 పెన్నులు ఎక్కువ ఉన్నాయి. రవి దగ్గర 12 పెన్నులున్నాయి. సీత దగ్గర ఎన్ని?" ఇక్కడ ఎక్కువ అనే మాట ఉంది, చేయాల్సింది తీసివేత. చిట్కాను నమ్ముకున్న పిల్లలు 17 అంటారు. లెక్కను బొమ్మలా ఊహించుకున్న పిల్లలు 7 అంటారు.

చిన్న మాట, పెద్ద తేడా

మ్యాథ్స్ ఇంగ్లిషులో కొన్ని చిన్న మాటలు పిల్లలను ఎలా పడగొడతాయో చూడండి.

ఒక చొక్కా ధర 500 రూపాయలు. "రిడ్యూస్డ్ బై 20 పర్సెంట్" అంటే 400 రూపాయలకు వస్తుంది. "రిడ్యూస్డ్ టు 20 పర్సెంట్" అంటే 100 రూపాయలకే వస్తుంది. తేడా అంతా బై, టు అనే రెండు మాటల్లో ఉంది. శాతాలు ఎంత బాగా వచ్చినా ఈ రెండు మాటల తేడా తెలియకపోతే జవాబు రాదు. "ఎట్ లీస్ట్ 5" అంటే 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ అని. లీస్ట్ అనే మాట చూసి పిల్లలు తక్కువ వైపు వెళ్లిపోతారు.

ఇంకొన్ని మాటలు వాళ్లకు ముందే తెలుసు, కానీ వేరే అర్థంలో తెలుసు. వాల్యూమ్ అంటే టీవీ రిమోట్. ప్రొడక్ట్ అంటే షాపులో కొనే వస్తువు. పవర్ అంటే కరెంటు. రైట్ యాంగిల్ అంటే కుడివైపు కోణం. అలాంటప్పుడు లెఫ్ట్ యాంగిల్ కూడా ఉండాలి కదా అని పిల్లలకు అనుమానం రావడం న్యాయమే.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది వాక్యంలో మాటల వరస. "సబ్‌ట్రాక్ట్ 7 ఫ్రమ్ 15" అన్నప్పుడు ఇంగ్లిషులో 7 ముందు వస్తుంది, లెక్కలో 15 ముందు రావాలి. అంకెలతో అయితే 15 పెద్దది కాబట్టి పిల్లలు సర్దుకుంటారు. ఏడో తరగతిలో అంకెల చోట అక్షరాలు వచ్చాక ఆ ఆసరా ఉండదు. "5 లెస్ దేన్ ఎక్స్" అనగానే చాలామంది చదివిన వరసలోనే "5 − ఎక్స్" అని రాసేస్తారు. ఆల్‌జీబ్రా రాలేదని మనం అనుకుంటాం. నిజానికి వాళ్లు ఇంగ్లిషు వాక్యాన్ని ఎడమ నుంచి కుడికి అలాగే దించేశారు.

తెలుగులో అనుకుంటే తప్పేముంది?

అదే మాటను తెలుగులో అనండి. "ఎక్స్ కంటే 5 తక్కువ." ముందు ఎక్స్ వచ్చింది, తర్వాత 5 వచ్చింది. మాటల వరసలోనే "ఎక్స్ − 5" అని రాయవచ్చు. "15 నుంచి 7 తీసివేయి" అన్నా అంతే. భిన్నాలనూ చూడండి. ఇంగ్లిషులో త్రీ ఫోర్త్స్ అంటే 3 ముందు వినిపిస్తుంది. తెలుగులో "నాలుగింట మూడు వంతులు" అంటాం. ముందు నాలుగు భాగాలు చేశాం, అందులో మూడు తీసుకున్నాం. భిన్నమంటే ఏమిటో ఆ మాటలోనే ఉంది.

జ్యామితిలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. రేడియస్, డయామీటర్ అనే రెండు మాటల్లో ఏది దేనికి సగమో ఆ మాటలు చెప్పవు. వ్యాసం, వ్యాసార్ధం అంటే పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది, అర్ధం అంటే సగమే కదా. ఐసోసెలిస్ అనే స్పెల్లింగ్‌ను బట్టీ పట్టాలి. సమద్విబాహు త్రిభుజాన్ని విడదీస్తే చాలు: సమానమైన రెండు భుజాలు.

ఇక్కడే కొందరు తల్లిదండ్రులు ఇబ్బంది పడతారని నాకు తెలుసు. "ఇంగ్లిషు మీడియం అని ఫీజు కడుతున్నాం. క్లాసులో తెలుగు మాట్లాడితే ఎట్టా?" న్యాయమైన ప్రశ్నే. నేను ఇంగ్లిషు మీడియం టీచర్‌నే. పాఠం ఇంగ్లిషులోనే చెబుతాను, పిల్లలు పరీక్ష ఇంగ్లిషులోనే రాస్తారు, అది మారాలని నేను అనడం లేదు. ప్రశ్న చదివాక, పెన్ను పట్టేముందు, ఆ ప్రశ్నను తమకు తెలిసిన మాటల్లో చెప్పుకునే అర నిమిషం గురించి మాత్రమే నేను మాట్లాడుతున్నాను. ఆ అర నిమిషంలో తెలుగు వస్తే రానివ్వాలి. ఆ తర్వాత అదే విషయాన్ని ఇంగ్లిషు వాక్యంగా చెప్పించాలి. ఇలా చేస్తే ఇంగ్లిషు పాడవదు, ఇంకా బాగుపడుతుంది. ఎందుకంటే పిల్లలు అర్థమైన విషయాన్ని ఇంగ్లిషులో చెప్పడం నేర్చుకుంటారు. మీరు చదువుతున్న ఈ న్యూస్‌లెటర్ కూడా రెండు భాషల్లోనే వస్తోంది. మీకు సరిగ్గా అర్థం కావాలనే కదా?

ఇది నా సొంత ఆలోచన కూడా కాదు. 2020 జాతీయ విద్యా విధానం సైన్సు, గణితాలకు రెండు భాషల పుస్తకాలు తయారు చేయాలని, పిల్లలు ఆ సబ్జెక్టుల గురించి ఇంటి భాషలోనూ ఇంగ్లిషులోనూ ఆలోచించి మాట్లాడగలగాలని చెప్పింది. మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో 2020–21 నుంచి ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు మొదలయ్యాయి. ఊళ్లో గవర్నమెంటు బడికి వెళ్లే పిల్లల చేతిలో అలాంటి పుస్తకం ఉంది. ఫీజు కట్టే పిల్లల చేతిలో లేదు. ఇది మనం ఆలోచించాల్సిన సంగతి.

మన ఊరి లెక్కలు

పుస్తకంలోని లెక్కలు ఎక్కడో ఉన్న ఊరివి, ఎవరో తెలియని మనుషులవి. మన చుట్టూ ఉన్న లెక్కలు పిల్లలకు చెవిన పడుతూనే ఉంటాయి. విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు, ముత్తుకూరు వైపు నుంచి వచ్చే పిల్లలను రొయ్యల కౌంట్ గురించి అడగండి. 100 కౌంట్ అంటే కిలోకు 100 రొయ్యలు అని గుంట మీద పెరిగిన పిల్లలు చటుక్కున చెబుతారు. అప్పుడు ఒక్కో రొయ్య 10 గ్రాములు. 50 కౌంట్ అయితే 20 గ్రాములు. 40 కౌంట్ అయితే 25 గ్రాములు. ఏ కౌంట్ తీసుకున్నా, కౌంట్‌ను రొయ్య బరువుతో గుణిస్తే 1,000 గ్రాములే వస్తుంది. ఎనిమిదో తరగతిలో ఇన్వర్స్ ప్రపోర్షన్, అంటే విలోమానుపాతం, అనే పాఠం సారమంతా ఇదే.

ఇక్కడ ఇంకో మంచి ప్రశ్న ఉంది. కౌంట్ తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. అయితే ధర కూడా విలోమానుపాతంలో పెరుగుతుందా? 100 కౌంట్ నుంచి 50 కౌంట్‌కు వస్తే కిలో ధర సరిగ్గా రెట్టింపు కావాలి. అవుతుందేమో పిల్లలే నాన్నను అడిగి వచ్చి లెక్క కట్టాలి. ఒకటి తగ్గితే ఇంకొకటి పెరుగుతున్నంత మాత్రాన అది విలోమానుపాతం అయిపోదని వాళ్లంతట వాళ్లే చెబితే, ఆ మాట ఇరవై వర్క్‌షీట్లకు సమానం.

ధాన్యం సంగతీ అంతే. నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు. ఒక వ్యాపారి పుట్టికి 21,250 రూపాయలు ఇస్తానన్నాడు, ఇంకొకాయన క్వింటాకు 2,450 రూపాయలు ఇస్తానన్నాడు అనుకుందాం. ఎవరికి అమ్మాలి? రెండింటినీ ఒకే కొలతలోకి తెస్తే తప్ప తేలదు. పుట్టికి 21,250 అంటే క్వింటాకు 2,500. కాబట్టి మొదటి బేరమే మేలు. స్థలాల దగ్గరా ఇదే తంతు. అంకణం కొలత అన్ని చోట్లా ఒకటి కాదు. 72 చదరపు అడుగుల అంకణం లెక్కన ఎకరాకు 605 అంకణాలు వస్తాయి. అంకణం కొలత మారితే ఆ 605 కూడా మారిపోతుంది. "ముందు కొలత ఏమిటో అడుగు, తర్వాత లెక్క చెయ్" అనే పాఠాన్ని ఇంతకంటే సూటిగా ఏ పుస్తకం చెబుతుంది?

మాటలతో లెక్క చెప్పడం మనకు కొత్త కూడా కాదు. సుమారు తొమ్మిది వందల ఏళ్ల కిందటే పావులూరి మల్లన మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ పద్యం అర్థం చేసుకోకుండా లెక్క చేయడం కుదరదు. తెలుగులో గణితం మొదలైనదే చదువుకుని అర్థం చేసుకునే విద్యగా.

రాయడం కూడా లెక్కలో భాగమే

చదవడం తర్వాత రాయడం. పిల్లల నోట్సులో చివరి లైను చాలాసార్లు ఒట్టి అంకెతో ఆగిపోతుంది: "= 48." నలభై ఎనిమిది ఏమిటి? రూపాయలా, మీటర్లా, మనుషులా? "ఆ తోట చుట్టూ వేయాల్సిన కంచె పొడవు 48 మీటర్లు" అని ఒక వాక్యం రాయిస్తే, తాము కనుక్కున్నది ఏమిటో పిల్లలు ఆగి చూసుకుంటారు. బస్సుల లెక్కలో "31, శేషం 12" అని రాసినవాళ్లు ఆ జవాబును వాక్యంగా రాయాల్సి వచ్చి ఉంటే, అందులో చాలామంది అక్కడే తప్పు పట్టుకునేవారు.

యూనిట్ రాయడం చాదస్తం కాదు. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999లో అంగారకుడి దగ్గరికి వెళ్లి నాశనమైంది. ఒక బృందం పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెలను ఇంకో బృందం న్యూటన్ల లెక్కగా తీసుకోవడమే కారణం. అంకెలు తప్పు కాదు, వాటిని చదివిన తీరు తప్పు. 2022 వరకు మన జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న మంగళ్‌యాన్ బయలుదేరి అంగారకుడి కక్ష్యలోకి చేరింది. రాకెట్ చూడడానికి పిల్లలను తీసుకెళ్లిన తల్లిదండ్రులు ఈ రెండు కథలూ కలిపి చెబితే, "యూనిట్ రాయకపోతే ఏమవుతుంది మేడమ్" అని ఎవరూ అడగరు.

నేను బాగా నమ్మే ఇంకో పద్ధతి పిల్లల చేత లెక్కలు తయారు చేయించడం. "3ఎక్స్ + 20 = 110. దీనికి సరిపోయే కథ రాయండి." ఎక్స్ ధర ఉన్న మూడు నోట్‌బుక్కులు, 20 రూపాయల పెన్ను, మొత్తం బిల్లు 110 అని ఒకరు రాస్తారు. ఆటోకు 20 ఇచ్చి మూడు సినిమా టిక్కెట్లు కొన్నామని ఇంకొకరు రాస్తారు. టిక్కెట్టు 30 రూపాయలకు ఎక్కడ వస్తుందని పక్కవాళ్లు గొడవ చేస్తారు. ఆ గొడవే పాఠం. జవాబు నిజ జీవితానికి సరిపోతుందో లేదో చూసుకోవడం వాళ్లకు అలవాటవుతుంది.

పోర్షన్ మాటేమిటి? ఐఐటీ మాటేమిటి?

ఇలా చేస్తే పీరియడ్‌లో పది లెక్కలు అయ్యే చోట మూడే అవుతాయి. నోట్‌బుక్ చూసి "ఈ నెల ఇంతేనా?" అనిపించవచ్చు. ఆ మూడు లెక్కలనూ చదివి, తమ మాటల్లో చెప్పి, బొమ్మ గీసి, చేసి, వాక్యంలో జవాబు రాసిన పిల్లలు పదకొండో లెక్కను ఎవరి సాయమూ లేకుండా మొదలుపెట్టగలరు. బోర్డు మీద నుంచి పది లెక్కలు దించుకున్న పిల్లలు పదకొండో దాని దగ్గర ఆగిపోతారు.

పరీక్షలు కూడా ఇటే నడుస్తున్నాయి. సీబీఎస్ఈ పదో తరగతి గణితం పేపర్‌లో 80 మార్కులకు 12 మార్కులు కేస్ స్టడీ ప్రశ్నలవి. ఒక పేరా చదివి, అందులోంచి సమాచారం ఏరుకుని, నాలుగేసి మార్కుల చొప్పున మూడు ప్రశ్నలు చేయాలి. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో ఆరో తరగతికి, 2025లో ఏడు, ఎనిమిది తరగతులకు తెచ్చిన గణిత ప్రకాశ్ పుస్తకాల్లో కథలు, పజిళ్లు, "ఎందుకో చెప్పండి" అనే ప్రశ్నలు నిండుగా ఉన్నాయి. ఫౌండేషన్ బ్యాచ్‌లో ఇచ్చే ప్రశ్నల్లోనూ సూత్రం కంటే ముందు పరిస్థితి అర్థం కావాలి. స్పీడ్ కావాలి, నిజమే. ప్రశ్నను ఒక్కసారి చదివి పట్టుకోగల పిల్లలకు వచ్చే స్పీడే నిలుస్తుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టే విషయం ఒకటి ఉంది. కార్పొరేట్ స్కూళ్లలో ఏడు, ఎనిమిది తరగతుల మ్యాథ్స్ మార్కులను బట్టి సెక్షన్లు మారుతాయి, బ్యాచ్‌లు మారుతాయి, "ఈ పిల్ల లెక్కల్లో వీక్" అనే ముద్ర పడుతుంది. పన్నెండేళ్ల పిల్ల ఆ ముద్రను నమ్మేస్తుంది. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో అప్పుడే తేలిపోయినట్టు ఇంట్లో మాట్లాడుకుంటారు. ఆ పిల్లకు నిజానికి లెక్క వచ్చి, ప్రశ్న చదవడమే రాకపోతే? ఆరు నెలల్లో సరిదిద్దగల లోపానికి జీవితాంతం ఉండే ముద్ర వేసినట్టే కదా. సెక్షన్ మార్చేముందు ఏ మెట్టు దగ్గర తప్పు జరుగుతోందో చూడాలని మేనేజ్‌మెంటుకూ నా విన్నపం. యూనిట్ టెస్ట్ పేపర్ దిద్దేటప్పుడు తప్పు పక్కన 1 నుంచి 5 దాకా ఏ మెట్టో ఒక అంకె వేస్తే చాలు. రెండు టెస్టులయ్యేసరికి ఎవరికి ఏం కావాలో తెలిసిపోతుంది.

ఇంట్లో పది నిమిషాలు

ఇందులో మీ సాయం కావాలి. దానికి మీకు మ్యాథ్స్ రానక్కర్లేదు, ఇంగ్లిషు రానక్కర్లేదు. "మేము తెలుగు మీడియం మేడమ్, మా పిలకాయలకి మేమేం చెప్పగలం" అనేవాళ్లే ఈ పనికి అందరికంటే తగినవాళ్లు. క.సా.గు., గ.సా.భా., వ్యాసార్ధం అన్న మాటలు మీకు తెలుసు. మీ పిల్లలకు తెలియవు.

రోజుకు ఒక్క స్టేట్‌మెంట్ ప్రాబ్లమ్ తీసుకోండి. పెన్ను పక్కన పెట్టించి, ఈ ఐదు ప్రశ్నలు వరసగా అడగండి.

1. పైకి చదువు. అర్థం కాని మాట ఏదైనా ఉందా?
2. ఏం జరిగిందో, ఏం అడుగుతున్నారో నీ మాటల్లో చెప్పు. తెలుగులోనైనా సరే.
3. ఏం చేస్తావు? ఎందుకు అదే చేయాలి?
4. ఇప్పుడు పెన్ను తీసి చేయి.
5. జవాబును ఒక వాక్యంగా ఇంగ్లిషులో రాయి. అది కుదిరే జవాబేనా?

జవాబు తప్పైనా మీరు సరిచేయకండి. ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారో డైరీలో ఆ నంబరు వేసి పంపండి. అది నాకు మార్కుల కంటే ఎక్కువ చెబుతుంది.

వారానికి ఒకసారి ఇంట్లో ఉన్న ఏదో ఒక కాగితం చదివించండి. కరెంటు బిల్లు మంచిది. మొదటి స్లాబ్ యూనిట్లకు ఒక రేటు, ఆపై వాటికి ఇంకో రేటు ఎలా పడుతుందో పిల్లలే మీకు వివరించాలి. వాడిన యూనిట్లన్నిటినీ పై స్లాబ్ రేటుతోనే గుణించారంటే, వాళ్లు బిల్లు చూశారు గానీ చదవలేదని అర్థం. మందుల చీటీ, రైలు టైమ్‌టేబుల్, ఎరువుల బస్తా మీద ముద్రించిన శాతాలు, బ్యాంకు పాస్‌బుక్ కూడా పనికొస్తాయి.

ఇక చివరిగా ఒక కోరిక. నోట్‌బుక్ తెరిచినప్పుడు ఎన్ని లెక్కలు చేశారో లెక్కపెట్టకండి. ఒక్క లెక్క మీద వేలు పెట్టి, "ఇందులో ఏం అడిగారు నాయనా?" అని అడగండి. పిల్లలు తడుముకోకుండా చెప్పారంటే ఆ నెల పాఠం వాళ్లకు అందినట్టే. చెప్పలేకపోతే, పక్కన టిక్ మార్కు ఉన్నా సరే, ఆ లెక్కను ఇంకోసారి చదివించండి.

— గణిత ఉపాధ్యాయిని, 6–8 తరగతులు